మూడు గుండీలు

ఆయన చేతిలో ఉన్న సరుకల్లా ఒక గుడ్డసంచి, అందులో మూడు గుండీలు, అరిగిన సుద్దముక్క. ఎదురుగా బల్ల మీద శాఖాధిపతి పంపిన అచ్చు కాగితాల కట్ట. సంభావ్యత పాఠంలోని లెక్కలన్నిటికీ జవాబులు అందులో ఉన్నాయి. అవి పంచేసి పిల్లల్ని పంపేస్తే ఆయన ఉద్యోగం నిలుస్తుంది. ఇకమీదట లెక్కలు చేయించే గంట ఉండదు, కట్టలే ఉంటాయని పైనుంచి ఆజ్ఞ.

ఆయన కట్టను బోర్లించి దాని మీద సంచి పెట్టాడు. కోపంతో చెవులు కాలిపోతున్నాయి.

ఈ విశ్వవిద్యాలయంలో చేరినప్పుడు ఆయన జుట్టు నల్లగా ఉండేది. ఉపన్యాసాలు పెద్దవాళ్లవి, లెక్కలు చేయించడం ఆయనది. ఏటేటా పొడిగించడమే తప్ప ఉద్యోగం ఖాయం కాలేదు. తనతో చేరినవాళ్లు సొంత గదులూ, తలుపుల మీద పేర్లూ సంపాదించుకున్నారు. ఆయనకు దక్కినవి సుద్ద అంటిన జేబులు, ‘సంచి మాస్టారు’ అన్న పిలుపు. బేరం గిట్టలేదని ఆయనకూ తెలుసు. సరుకులో మాత్రం ఏనాడూ కల్తీ కలపలేదు.

పొద్దున సంచి అందిస్తూ భార్య చెప్పనే చెప్పింది. “ఇవాళైనా నోరు కట్టేసుకోండి. వాళ్లతో మనకెందుకు గొడవ?” ఆ గుండీలు ఆవిడ చేసినవే. కుట్టుపెట్టెలోవి తీసి, రెండేసి చొప్పున వీపులు కలిపి అతికించింది. ఒకటి రెండువైపులా తెలుపు, ఒకటి రెండువైపులా నలుపు, మూడోది ఒక పక్క తెలుపు, ఇంకో పక్క నలుపు.

ఆయన చూడకుండా ఒక గుండీ తీసి బల్ల మీద పెట్టాడు. పైకి తెల్లగా కనిపించింది.

“కిందా తెలుపే అయ్యే అవకాశం ఎంత? ముందు నోటితో చెప్పండి.”

ఆయన పద్ధతి అదే. ముందు మాట, తర్వాత గుండీ, లెక్క ఆఖరున.

“సగం!” అంది గదంతా.

ముందు వరుసలోంచి లాయరమ్మ లేచింది. ప్రతిదానికీ వాదిస్తుందని తోటివాళ్లు పెట్టిన పేరు. రెండేళ్లు ఈ గంట ఎగ్గొట్టి, ఎవరో రాసిన జవాబులు బట్టీపట్టి, రెండుసార్లూ తప్పింది. ఈసారీ తప్పితే చదువే పోతుంది.

“మొత్తం నల్లది కాదని తేలిపోయింది. మిగిలినవి రెండు. రెంట్లో ఒకటి సగం కాక ఇంకేంటి మాస్టారూ?”

“తీసి చూడు.”

“చూసేదేముంది? ఆ కట్టలో ఉంది కదా, ఇచ్చెయ్యండి! ఈసారి పోతే నన్ను ఇంటికి పంపేస్తారు. మీకేం, గుండీలాట ఆడుకుంటున్నారు!”

మాస్టారి గొంతు గది దాటింది. “రెండుసార్లు జవాబులు మోసుకునే వెళ్లావు కదమ్మా! ప్రశ్నలో రంగు మార్చేసరికి చేతులెత్తేశావు. మళ్లీ ఆ పుచ్చు సరుకే కావాలంటే నా దగ్గర లేదు. తియ్యి!”

ఆమె సంచి లాక్కుంది. తీసింది, చూసింది, మళ్లీ వేసింది. నలుపు కనిపిస్తే వదిలేశారు. తెలుపు కనిపించినప్పుడల్లా తిప్పి చూసి నల్లబల్ల మీద గీత గీశారు. ‘కిందా తెలుపే’ అన్న వరుస సాగుతూ పోయింది, ‘కింద నలుపు’ వెనకబడింది.

“గుండీ మోసం చేస్తోంది మాస్టారూ,” అన్నాడు వెనక బల్లవాడు.

“దానికి మోసం రాదురా. అది డిగ్రీ చదవలేదు.”

అందరూ నవ్వారు. లాయరమ్మ నవ్వలేదు. తెల్లగుండీని వేళ్ల మధ్య అటూ ఇటూ తిప్పుతోంది. కోపం ఇప్పుడు ఆయన మీద కాదు.

“ఛ! గుండీల్ని లెక్కపెట్టాను నేను. కనిపించేది గుండీ కాదుగా, ఒక ముఖం. తెల్ల ముఖాలు మూడు. రెండు దీనివే. మూడింట రెండు!”

“ఎవరు చెప్పారు?”

“ఎవరు చెప్తారు? నేనే!” కసిరింది. “ఇంకో లెక్కివ్వండి. ఇంతకంటే కష్టమైనది.”

తలుపు దగ్గర శాఖాధిపతి నిలబడి ఉన్నాడు. “కాగితాలు పంచారా మాస్టారూ?”

“లేదు.”

“నాకు కావాల్సింది పాసైనవాళ్ల సంఖ్య. మీతో వాదించే ఓపిక లేదు.”

“నమిలి నోట్లో పెట్టే ఓపిక నాకూ లేదండీ.”

“అయితే రేపట్నుంచి రాకండి.”

మాస్టారు చేతులు దులుపుకున్నాడు. భార్యకు ఏం చెప్పాలో ఆలోచిస్తూ, లోపల ఇంకా కుతకుతలాడుతూనే మెట్లు దిగిపోయాడు. సంచి తీసుకోలేదు.

వెనక బల్లవాడు వచ్చి కట్ట దారం పట్టుకున్నాడు. లాయరమ్మ వాడి చేతి మీద ఒక్కటి వేసి, సంచిలోంచి ఒక గుండీ తీసి పెట్టింది.

“ఆగు! ముందు నోటితో చెప్పు. కింద ఏ రంగు?”

పోయింది ఆయన ఉద్యోగం. వచ్చింది, ఎవరూ విప్పని కట్ట మీద ఒక గుండీ, పైకి నల్లగా.