జగన్నాధం గీసిన గళ్లు

మౌసు బాణాన్ని నిలువు గీత మీద ఆనించి, ఊపిరి బిగబట్టి, గీతను కాస్త ఎడమకు జరిపాడు జగన్నాధం. తేదీల వరస సన్నబడి, గాలి వరసకు చోటు దొరికింది.

టెక్కలి బస్టాండు ఎదుట రేఖ నడిపే డీటీపీ సెంటర్లో అతని పని ఇదే. బక్కపలచని మనిషి. కీబోర్డు మీదికి ఒంగి ఒంగి భుజాలు ముందుకొచ్చేశాయి. టైపు మిషను రోజుల్లో చుక్కలూ అడ్డగీతలూ కొట్టి పట్టికలు వేసేవాడు. ఇప్పుడు కంప్యూటర్లో వేస్తున్నాడు. మార్కుల జాబితాలు, ఓటర్ల జాబితాలు. గళ్లు సమంగా కుదిరాయా అని చూసుకోవడమే గాని, వాటిలో ఏముందో ఎన్నడూ పట్టించుకోలేదు.

ఆ పొద్దున భావనపాడు నుంచి జాలరి గంగులు వచ్చాడు, ఉప్పుగాలికి అట్ట వంకర తిరిగిన నోటుపుస్తకంతో. ఆరేళ్లుగా, గాలి మారిన ప్రతి రోజూ ఒక వరుస రాసుకున్నాడు: గాలి ఎటు, వలలో ఏ చేప.

"కళ్లు మసకైపోతన్నాయి బాబూ. పెద్దచ్చరాలెయ్యి."

అక్షరాలు పెంచితే పట్టిక పేజీ దాటిపోయింది. జగన్నాధం కాగితాన్ని అడ్డంగా తిప్పాడు. శీర్షికలు ప్రతి పేజీ మీదా వచ్చేట్టు చేశాడు. అంతలో చేయి ఆగింది.

"మావా, ఈ తేదీకి గాలొక్కటే రాసినావు. సేప రాయలేదేటి?"

"ఆ రోజు నీళ్లు పచ్చగున్నాయి. వలెయ్యలేదు."

అలాంటి ఖాళీలు ఇంకా ఉన్నాయి. జగన్నాధం 'నీటి రంగు' అని కొత్త నిలువు వరస చేర్చి ఒక్కో తేదీ అడిగాడు. గంగులు కళ్లు మూసుకుని చెప్పుకుంటూ పోయాడు. కాగితాలకి ఎల్లుండి వస్తానని రెండు గంటల బస్సుకి వెళ్లిపోయాడు.

పచ్చనీళ్ల గళ్లకు లేత ఆకుపచ్చ రంగు నింపి జగన్నాధం వెనక్కి వాలి చూశాడు. ప్రతి పచ్చ గడికీ రెండు అడ్డవరసల కింద, పది రోజుల తర్వాతి తేదీన, ఒకటే చేప: కవళ్లు.

"రేఖమ్మా, సూడు! పచ్చనీళ్లొచ్చిన పదిరోజులకి కవళ్లు పడతన్నాయి. ఏటికంటావు?"

"గళ్లు సరిపోయాయి కదా, మీకేటికి మాస్టారూ?" రేఖ నవ్వి టీకి వెళ్లింది.

అతను చివర్న 'ఎందుకు?' అని మరో వరస చేర్చాడు. ఎల్లుండి మావనే అడగాలి.

రేఖ టీ తెచ్చేసరికి కుర్చీలో వాలే ఉన్నాడు. పిలిస్తే పలకలేదు. చెయ్యి మౌసు మీదే ఉంది, చల్లగా.

మూడో రోజు గంగులు వచ్చాడు. సంగతి విని ఖాళీ కుర్చీ దగ్గరికి వెళ్లాడు. రేఖ అచ్చు తీసిన కాగితాలిచ్చి, చివరి వరస గురించి చెప్పింది.

"ఏటికో నాకూ తెల్దమ్మా. ఇన్నేళ్లలో అడిగినోడు ఈ బాబొక్కడే."

కాగితాలు చంకలో పెట్టుకుని బస్సెక్కాడు. అతను వెళ్లాక చూసింది రేఖ: కీబోర్డు పక్కన అరటినారతో రెండు ముళ్లేసి కట్టిన ఆకు పొట్లం, ఎండు కవళ్లు.