కోర్టులో కూర్చున్న వంటవాళ్లు

మా అక్క మొజెల్‌ని పోలీసులు పట్టుకుపోయింది దొంగతనం చేసినందుకు కాదు, తన ఇంట్లో తను ఉన్నందుకు. 1918లో, జార్జియాలోని మా చిన్న ఊళ్లో అదీ నేరమే. యుద్ధం జరుగుతోంది కాబట్టి అందరూ పనిచేయాలని హుకుం. అందరూ అంటే మేమే, నల్లవాళ్లం. తెల్ల దొరసానులు వరండాలో విసురుకుంటూ కూర్చుంటే మర్యాద, మేం కూర్చుంటే సోమరితనం.

బావ లొంజో సైన్యంలో చేరి ఫ్రాన్సు వెళ్లాడు. అతని జీతంతో ఇల్లు గడుస్తోందని అక్క టాల్బర్ట్ దొరసాని ఇంట్లో వంట మానేసింది. తన పిల్లలకు తన చేత్తో వేడివేడిగా మొక్కజొన్న రొట్టె పెట్టుకోవాలని ఆమె కోరిక. దొరసాని ఊరుకుంటుందా? కొన్నాళ్లు తన పొయ్యి తనే రాజేసుకుని, చేతులు కాల్చుకుని, పోలీసుకు కబురు పెట్టింది.

నేను జైలుకు పరుగెత్తి కటకటాల ముందు ఏడ్చాను.

"పోనీ, వెళ్లి ఆవిడకి వండి పడెయ్యక్కా. లేకపోతే నిన్ను ఖైదీలతో వెట్టి చేయించే పొలాలకి తోలేస్తారు!"

"ఏడవకే. పిల్లలకి తిండి పెట్టావా లేదా, అది చెప్పు," అంది అక్క. "నేను తప్పు చేశానని ఒప్పుకుంటే, రేపు నీ గుమ్మంలోకి వస్తారు."

అక్కణ్నుంచి తిన్నగా హెస్టర్ పెద్దమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ జడ్జిగారింట్లో వంటమనిషి, మా సోదరీ సంఘానికి పెద్ద. మా సంఘంలో ఎవరైనా మంచం పడితే మిగతావాళ్లు తెల్ల గౌన్లు, తెల్ల చేతితొడుగులు వేసుకుని పక్కన కూర్చోవాలి. ఆమె లేచి తిరిగేదాకా, లేదా పూడ్చిపెట్టేదాకా కదలకూడదు. అక్కతో సహా, ఊళ్లో దొరల ఇళ్లల్లో వండేవాళ్లందరూ ఆ సంఘంలోనే ఉన్నారు.

"మొజెల్‌కి జబ్బేం లేదు పెద్దమ్మా, కోర్టు," అన్నాను.

"కోర్టుని మించిన జబ్బేముంటుందే పిచ్చిదానా? పోయి గౌనుకి గంజి పెట్టుకో."

మర్నాడు పొద్దున్నే కోర్టులో మాకు వదిలేసే వెనక బెంచీలన్నీ తెల్ల గౌన్లతో నిండిపోయాయి. జాగా చాలనివాళ్లు గోడ వెంబడి నిలబడ్డారు. జడ్జి మొహం మాడ్చుకుని వచ్చాడు. ఆయన ఇంట్లో ఆ పొద్దున కాఫీ కాచే దిక్కు లేదు మరి.

"ఏమే, టాల్బర్ట్ అమ్మగారి దగ్గర పనికి వెళ్తానను. ఇప్పుడే వదిలేస్తా," అన్నాడు అక్కతో.

"వెళ్లనండి. నా మొగుడు దేశం కోసం యుద్ధంలో ఉన్నాడు, నా పిల్లలకి నేను వండుకుంటున్నాను. ఆ వంటే అమ్మగారింట్లో చేస్తే పని, నా ఇంట్లో చేస్తే నేరం ఎలా అయిందండీ?"

నాకు అంత గర్వం నా జన్మలో ఎప్పుడూ కలగలేదు. జడ్జి శిక్ష వేయడానికి నోరు తెరిచాడు. అప్పుడు కనిపించింది ఆయనకు పెద్దమ్మ.

"హెస్టర్! నువ్విక్కడేం చేస్తున్నావ్?"

"మా సంఘం చెల్లెలు కష్టంలో ఉందండి. పక్కన కూర్చున్నాం."

"ఎంతసేపు?"

"ఆమె ఇంటికి చేరేదాకా అండి. జైలుకి పంపితే జైలు గుమ్మంలో కూర్చుంటాం. పొలాలకి తోలితే గట్టు మీద కూర్చుంటాం. మా సంఘం కట్టుబాటండి, నా చేతుల్లో ఏముంది?"

కోడిగుడ్లు ఉడకబెట్టమంటారా, వేయించమంటారా అని అడిగేంత నెమ్మదిగా చెప్పింది. ముందు వరుసల్లోని దొరలు ఒక్కొక్కరే వెనక్కి తిరిగి, ఎవరి వంటమనిషిని వాళ్లు వెతుక్కున్నారు. టాల్బర్ట్ దొరసానిని పక్కనున్న దొరసాని మోచేత్తో పొడిచి ఏదో కసిరింది.

జడ్జి చాలాసేపు కాగితాలు అటూ ఇటూ తిప్పాడు. సాక్ష్యం చాలదని గొణిగి కేసు కొట్టేశాడు. అక్క బోను దిగి మా వైపు నడిచింది. మేమంతా లేచి నిలబడ్డాం.

"హెస్టర్," అని పిలిచాడు జడ్జి, గొంతు తగ్గించి. "మధ్యాహ్నం భోజనానికి..."

"రాత్రి భోజనానికి వస్తానండి. మధ్యాహ్నం మా మొజెల్ ఇంట్లో భోజనాలు, పిలిచింది."

అక్క ఎవరినీ పిలవలేదు. కానీ గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, జడ్జికీ పోలీసుకీ టాల్బర్ట్ దొరసానికీ వినపడేలా అంది.

"అందరూ రండి. నేనే వండుతాను."