మూడు చుక్కలు

పదకొండేళ్లు ఆసుపత్రి వార్డుల్లో నిలబడి నిలబడి నడుము పట్టేయడంతో, ఆమె ముప్పై తొమ్మిదో ఏట వెబ్ పేజీలకు కోడ్ రాసే జావాస్క్రిప్ట్ నేర్చుకుంది. ఆసుపత్రులకు వెబ్ పేజీలు చేసిపెట్టే ఆఫీసులో చేరి మూడు వారాలైంది. అందరూ నర్సక్క అనేవాళ్లు. పనికొస్తుందో లేదో మూడు నెలల్లో తేలుస్తామని ముందే చెప్పారు.

ఆ ఉదయం ఇచ్చిన పని చిన్నదే. రోగి వివరాలకు వార్డు నంబరు చేర్చాలి. వెబ్‌లో దొరికిన ఉదాహరణను చదరపు బ్రాకెట్లతో సహా ఉన్నదున్నట్టు కొట్టింది. తప్పుందంటూ ఎర్రగీత వచ్చింది. గంటన్నర కుస్తీ పట్టాక పక్క సీటు అమ్మాయి చూసి, ఆ చదరపు బ్రాకెట్లు కోడ్ కాదని, 'ఇది కావాలంటే రాయి, లేకపోతే మానెయ్' అని చదివేవాళ్లకు చెప్పే గుర్తులని వివరించింది.

నర్సక్కకు తల కొట్టేసినట్టయింది. తర్వాతి ఉదాహరణలో రోగి అనే మాట ముందు మూడు చుక్కలు కనిపించగానే, ఇవీ ఆ బాపతే, 'వగైరా' అని అర్థమేమోలే అనుకుని చెరిపేసింది. ఈసారి ఎర్రగీత రాలేదు. పని టీమ్ లీడరుకు పంపితే సరే అన్నాడు. మూడింటికి అది ఆసుపత్రికి వెళ్తుంది.

భోజనానికి కూర్చున్నా, పొద్దున అంతసేపు వేధించిన ఎర్రగీత మళ్లీ రాకపోవడమే గుర్తొచ్చింది. అంతసేపు ఏడ్చిన పిల్లవాడు ఉన్నట్టుండి ఊరుకుంటే వార్డులో ఆమెకు ఇలాగే భయం వేసేది. డబ్బా మూసేసి వచ్చి, పరీక్ష కోసం పెట్టిన ఉత్తుత్తి రోగి పేజీ తెరిచింది. వార్డు నంబరు ఉంది. పేరు లేదు, వయసు లేదు. 'పడని మందులు' అన్న గడి ఖాళీ.

ఆ గడి ఖాళీగా ఉంటే ఏ నర్సయినా ఏ మందైనా పడుతుందనే అనుకుంటుంది. టైము రెండూ ఇరవై. చెబితే ఉద్యోగం పోతుందేమో. అయినా లేచి, తనకంటే పదేళ్లు చిన్నవాడైన టీమ్ లీడరు దగ్గరికి వెళ్లింది. అతను ఫోన్‌లో ఉన్నాడు. ఆమె ఆగలేదు.

"పొద్దున నేను పంపింది ఆపండి. తప్పు చేశాను."

అతను ముందు ఆపేసి, ఆ తర్వాతే కోడ్ చూశాడు. ఈ చుక్కలు నిజంగా కోడేనని, పాత వివరాలన్నిటినీ విడదీసి కొత్తవాటిలో పరుస్తాయని చెప్పాడు. అవి లేకపోతే వివరాలన్నీ మూటగా లోపల పడి ఉంటాయి, పేజీకి దొరకవు. అలా రాయడం కూడా చెల్లుతుంది కాబట్టి మెషీను నోరు మెదపదు.

"మరి ఏది గుర్తో, ఏది కోడో ఎలా తెలిసేది?"

"చూసి చెప్పలేం అక్కా. అనుమానమొస్తే చిన్న ముక్క రాసి, నడిపి, లోపల ఏముందో చూసుకోవాలి. నేనూ అంతే." ఫోన్ పక్కన పెట్టి అన్నాడు. "చూడకుండా సరే అన్నది నేను. అది నా తప్పు."

చుక్కలు పెట్టింది. పేరు వచ్చింది, వయసు వచ్చింది, పడని మందులు వచ్చాయి. నమ్మకం చాలక మరో నలుగురు ఉత్తుత్తి రోగులతో చూసింది. నాలుగున్నరకు పేజీ వెళ్లింది.

ఉద్యోగం మాట ఆ రోజు ఎవరూ ఎత్తలేదు, ఆమె కూడా అడగలేదు. బస్సెక్కి కూర్చున్నాక, టికెట్టు వెనక మూడు చుక్కలు పెట్టి, పక్కన 'కోడే' అని రాసుకుంది.