ఎడమ గేరు కుడికి

ట్రాక్టరు వెనక చక్రం కింద మట్టి తవ్వడం సొన్నప్పకు సగం అయింది. యాక్సిలు కింద రెండు పక్కలా పాత రైలు చెక్కలు పేర్చి బరువంతా వాటి మీద నిలిపాడు. ఇంకో జానెడు తవ్వితే టైరు నేలను వదిలేస్తుంది. జాకీ తిప్పనక్కర్లేదు, నలుగురిని కేకేయనక్కర్లేదు. అరవై మూడేళ్ల మనిషి, వంగితే లేవడానికి చెయ్యి ఊతం కావాలి, అయినా పార మాత్రం ఆగలేదు.

"మళ్లా గుంత తవ్వినావా?" షెడ్డు ఓనరు సోమశేఖర్ బైకు దిగకుండానే అరిచాడు. "బరువులెత్తే చైన్‌బ్లాకు దేనికి తెచ్చినాను? పూజ చేసేదానికా?"

"చేసుకో. ఆయుధపూజ వస్తా ఉండాది," అన్నాడు సొన్నప్ప తల ఎత్తకుండా.

సోమశేఖర్ మొహం మాడిపోయింది. "ఇదే ఆఖరు, సొన్నప్పా. బండి గోవిందప్పది, ఆయన అడిగితే కొత్త గేర్లు తెప్పించినాను. అవే ఎయ్యాల. ఎడమది కుడికి, కుడిది ఎడమకి అని నీ పాత కథ ఎత్తితివా, ఈ పొద్దే స్పానర్లు మూట గట్టుకోని పో. రేపట్నించి రావద్దు."

ఆ పాత కథ పెద్ద బ్రహ్మవిద్య ఏమీ కాదు. ట్రాక్టరు బతుకంతా ముందుకే నడుస్తుంది. అందుకని వెనక చక్రాన్ని తిప్పే పెద్ద గేరులో ప్రతి పంటికీ ఒక మొహమే అరుగుతుంది. రెండో మొహం దాదాపు కొత్తగానే ఉండిపోతుంది. ఎడమ గేరును కుడి పక్కకూ కుడి గేరును ఎడమ పక్కకూ, వాటి చిన్న గేర్లతో సహా మార్చేస్తే, అరగని మొహం మీద బరువు పడుతుంది. బండి ఇంకో ఏడెనిమిదేళ్లు దున్నుతుంది. కోలారు గనుల వర్క్‌షాపులో ఫిట్టరుగా ఉన్నప్పుడు, సామాన్లు రాని రోజుల్లో సొన్నప్ప నేర్చుకున్న పని ఇది. తర్వాత గని మూతపడింది. వర్క్‌షాపు గోడల చుట్టూ తుమ్మచెట్లు మొలిచాయి. పని మాత్రం అతని చేతుల్లో మిగిలిపోయింది.

దాంతోపాటు నోరు కూడా మిగిలింది. బేతమంగళ చుట్టుపక్కల మూడు షెడ్లలో చేరి, ముగ్గురు ఓనర్లనూ మొహం మీదే గాడిదలని తిట్టి బయటికొచ్చాడు. ఇది నాలుగోది. ఇది పోతే ఇంకోటి లేదు, ఆ సంగతి అతనికి బాగా తెలుసు. ఇంట్లో పిల్లమ్మ పదకొండేళ్లుగా మొగుడితో మాట్లాడదు. ఆమె తమ్ముడి పెళ్లిలో పదిమంది ముందు సొన్నప్ప అన్న ఒక మాటకు వేసిన శిక్ష అది. చెప్పాల్సిందేదైనా ఉంటే ఆవుకు చెబుతుంది. "రాగులు అయిపోయినాయి, వింటివా?" అని ఆవు మెడ నిమురుతుంది. సాయంత్రానికి సొన్నప్ప రాగులు తెస్తాడు. అలాగే కాపురం గడిచిపోతోంది.

టైరు వేలాడింది. నట్లు విప్పి చక్రాన్ని గుంతలోంచి ఏటవాలుగా దొర్లించాడు. పొద్దున్నే నరికి తెచ్చిన అరటి బోదెలను నిలువునా చీల్చి, లోపలి తడి పైకి వచ్చేలా పరిచాడు. ఇద్దరు మనుషులు మోయలేని యాక్సిలు గొట్టం ఆ జారుడు మీద ఒక్కడు లాగితే వచ్చేసింది. షెడ్డులో రెండో మెకానిక్కు, కంపెనీ ట్రైనింగు పొందిన మూర్తి చేతులు కట్టుకుని చూస్తున్నాడు. నీ సర్టిఫికెట్టుతో గ్రీజు తుడుచుకో అని సొన్నప్ప అన్న రోజు నుంచి ఆ నలభై ఏళ్ల మనిషి అతనికి ఒక్క స్పానరు కూడా అందించలేదు.

పెద్ద గేరు బయటపడింది. సొన్నప్ప దాన్ని ఒళ్లో పెట్టుకుని గుడ్డతో తుడిచాడు. ఒక పక్క పళ్లు కొడవలిలా పలచబడ్డాయి. రెండో పక్క గోరు పెట్టి గీశాడు. ఎక్కడా పల్లం తగల్లేదు. ఫ్యాక్టరీలో సానపట్టిన గీతలు ఇంకా కనబడుతున్నాయి. బెంచీ మీద కొత్త గేర్ల వైపు చూశాడు. ఇంత బతుకున్న ఇనుమును పాతసామాన్ల కొట్టుకు పంపడమంటే అతనికి ఒళ్లు మండిపోయింది. పని పోతుందని తెలుసు, భయమూ వేసింది. గేరును గుడ్డ మీద దించి, లేచి రెండో పక్క గుంత తవ్వడం మొదలుపెట్టాడు.

రెండు గేర్లూ బయటికొచ్చాక, తారుమారు కాకుండా ఇనుప పంచు పెట్టి సుత్తితో ఒకదాని మీద 'ఎ', రెండోదాని మీద 'కు' అని కొట్టాడు. మధ్యాహ్నం రెండయ్యేసరికి ఎడమది కుడికి, కుడిది ఎడమకి చేరాయి. చక్రాలెక్కించి బండిని బయటికి తెచ్చేసరికి సోమశేఖర్, గోవిందప్ప కలిసి వచ్చారు. గోవిందప్పది చెరువు అవతల రాగి చేను, మామిడి తోట. ట్రాక్టరు అతనిదే.

"కొత్తవి యాడ?" అన్నాడు గోవిందప్ప.

"బెంచీ మీద ఉండాయి. ఆడే ఉండనీ," అని సొన్నప్ప సీటెక్కి షెడ్డు ముందు ఒక చుట్టు తిప్పాడు. పొద్దున గరగరమన్న బండి ఇప్పుడు మెత్తగా నడిచింది. "ఇంగ ఎనిమిదేండ్లు దున్నుకో."

"అరిగింది తీసి మళ్లా నాకే పెడితివా? ఎనక్కి పోయేటప్పుడు ఆ అరిగిన పక్కే గదా పడేది?"

మామూలు మనిషైతే ఇక్కడ నెమ్మదిగా నచ్చజెబుతాడు. సొన్నప్ప నవ్వాడు. "నువ్వేమన్నా పొలమంతా ఎనక్కి దున్నుతావా అప్పా?"

మూర్తి కిసుక్కుమన్నాడు. గోవిందప్ప చెవులు ఎర్రబడ్డాయి. "నాకొద్దు ఈ పని. నేను కొత్తవి అడిగినాను, కొత్తవే ఎయ్యండి," అని విసురుగా హోటలు వైపు వెళ్లిపోయాడు.

"అయిపాయ గదా?" అన్నాడు సోమశేఖర్. గొంతు కూడా పెంచలేదు. "మూట గట్టుకో."

సొన్నప్ప కిరసనాయిలుతో చేతులు కడుక్కున్నాడు. స్పానర్లను గోనెసంచిలో వేసుకుని, రోడ్డు దాటి బస్టాపులో కూర్చున్నాడు. మూడు గంటల బస్సు రాలేదు. ఐదు గంటలదే దిక్కు. ఎదురుగా షెడ్డు కనబడుతూనే ఉంది.

మూర్తి బండిని మళ్లీ షెడ్డులోకి తీసుకెళ్లాడు. చైన్‌బ్లాకు దించలేదు. సొన్నప్ప తవ్విన గుంతలు పూడ్చాడు, నింపాదిగా. ఒక సిగరెట్టు కాల్చాడు. తర్వాత చిన్న డబ్బా, కుంచె తెచ్చి యాక్సిలు బోల్టుల మీద నల్లరంగు పూశాడు. అంతసేపూ సోమశేఖర్ గేటు దగ్గర నిలబడి హోటలు వైపు కాపలా కాశాడు. ఏం జరుగుతోందో సొన్నప్పకు అర్థమైంది. పళ్లు పటపట కొరికాడు.

ఐదుకు పది నిమిషాలుండగా ట్రాక్టరు రోడ్డెక్కి సరిగ్గా అతని ముందే ఆగింది. పైన గోవిందప్ప, మొహమంతా వెలుగు.

"సూస్తివా సొన్నప్పా? నువ్వు పొద్దంతా తవ్వినావు. మూర్తి రెండు గంటల్లో కొత్తవి ఏసేసినాడు. సౌండే వేరే! కొత్తది కొత్తదేనప్పా."

సొన్నప్ప లేచి నిలబడ్డాడు. నెత్తురంతా తలకెక్కింది. నాలుక చివరన మాట సిద్ధంగా ఉంది. ఒక్క బోల్టు కూడా విప్పలేదురా వెర్రిబాగులోడా, కొత్తవి షెడ్డులోనే ఉండాయి, ఆ సౌండు నాది. అంటే చాలు, సోమశేఖర్ పరువు నడిరోడ్డున పడుతుంది. కానీ అన్నాక ఈ మనిషి ఊరుకోడు. బండి తిప్పి, దగ్గరుండి విప్పించి, ఆ గేర్లను తీయించి పారేయిస్తాడు.

గోవిందప్ప జవాబు కోసం చూస్తున్నాడు. సొన్నప్ప గోనెసంచి మూతి బిగించి కట్టాడు.

"అవునప్పా," అన్నాడు. "బాగుండాది సౌండు. నూనె మాత్రం మార్చతా ఉండు."

పిల్లమ్మ విని ఉంటే ఆవును వదిలి వచ్చి మొగుడి మొహం చూసి ఉండేది. గోవిందప్ప బండిని కదిలించి చెరువు దారి పట్టాడు. బస్సు వచ్చింది. సొన్నప్ప సంచీ భుజాన వేసుకుని ఎక్కాడు. మళ్లీ బేతమంగళ షెడ్ల దరిదాపుల్లో ఎవరికీ కనబడలేదు.

మరుసటి ఏడు వానలు పడి చెరువు అవతల రాగి చేలు దుక్కికి వచ్చాయి. గోవిందప్ప ట్రాక్టరు పొద్దున్నుంచి తిరుగుతోంది. కుడి చక్రం వెనక, నూనెలో మునిగి, సొన్నప్ప పంచుతో 'ఎ' అని కొట్టిన పాత గేరు ఒకటి తిరుగుతోంది.