పూయని చోటు

అమ్మోరి పండగ దగ్గరపడితే నాకు ఊపిరాడదు. ఇంటి గోడలకు ఎర్రమన్ను పూసేది నేనే. ఎక్కడైనా తెల్లగా మిగిలిందంటే ఒళ్ళు మండిపోతుంది. పూసినదానికి కళ్ళు లేవా అని నలుగురూ అనుకోరూ?

ఆ రోజు మన్ను కలుపుతుంటే మా అన్న కూతురు తులసి వచ్చి గిన్నెడు అడిగింది. ఎందుకే అంటే బొమ్మకంది. అది శ్రీకాకుళంలో బొమ్మలు వెయ్యడం నేర్చుకుంటోంది. ఎవరి మొహం వాళ్ళే, అదీ ఒక్క రంగుతోనే వెయ్యాలని సారు చెప్పాడట. మర్నాడే ప్రదర్శన. వేసినవాళ్ళు పక్కన నిలబడితేనే బొమ్మ గోడకెక్కుతుందట.

నిలబడటమా, ఇదా! పదో తరగతిలో మొహం మీద చుక్కల్లా బొల్లి మొదలైంది. అప్పటి నుంచి ఇంట్లో కూడా చున్నీ దించలేదు. కళ్ళు తప్ప మాకేమీ కనిపించవు. తాను వెళ్ళనని, తనతో చదివే సుహాసిని చేత బొమ్మ పంపిస్తానని చెప్పింది. మరి గోడకెక్కించరు కదే అంటే మన్ను గిన్నెలోకి ఎత్తుకుంటూనే ఉంది. ఇంత కష్టమూ బూడిదలో పోస్తావా అని నాలుగు తిట్టాను.

తులసి గదిలో అద్దం ముందు కూర్చుని సాయంత్రం దాకా లేవలేదు. అది స్నానానికి వెళ్ళగానే తొంగి చూశాను.

అమ్మ బాబోయ్! ఉన్నది ఒక్క ఎర్రమన్నే. నీళ్ళు ఎక్కువ పోసిన చోట చెంపలు. చిక్కగా పూసిన చోట జడ. పూత మీద పూత పడిన చోట కనుపాపలు. అవి నన్నే చూస్తున్నాయి. చిన్నప్పటి నుంచీ నేను గోడలకు పులుముతున్న మన్నులో ఇంత ఉందా అని నోరెళ్ళబెట్టాను.

అంతలో కంటి కింద, పెదవి పక్కన తెల్లటి ఖాళీలు కంటబడ్డాయి. తొందరలో వదిలేసి ఉంటుందనుకున్నాను. నా చెయ్యి ఊరుకుంటుందా? గుడ్డ మన్నులో ముంచి బొమ్మ వేసిన అట్ట మీదికి వంగాను.

"అత్తా, అక్కడ పుయ్యకు." తులసి తల తుడుచుకుంటూ గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చింది.

"ఖాళీ ఉండిపోనాదే."

"ఖాళీ కాదు. అదీ నా మొకమే."

తలెత్తి చూశాను. తడి మొహం, చున్నీ లేదు. చుక్కలు ఎప్పుడు అంత పెద్దవయ్యాయో! కంటి కింద అదే ఆకారం, పెదవి పక్కన అదే ఆకారం. బొమ్మను చూశాను, దాన్ని చూశాను. పూసిన చోటు ఎంత బాగుందో పూయని చోటూ అంత బాగుంది. గుడ్డలోని ఎర్రనీళ్ళు నా కాళ్ళ మీద కారుతున్నా కదల్లేకపోయాను. ఏడుపొచ్చేసింది.

"ఇంత సక్కగా ఉన్నావేటే," అన్నాను.

అది గబగబా చున్నీ చుట్టుకుంది.

పొద్దున్నే బొమ్మ సుహాసినికి ఇవ్వడానికి ఊరి మలుపు దగ్గరికి వెళ్ళాం. శ్రీకాకుళం బస్సు కోసం ఊళ్ళో సగంమంది అక్కడే ఉన్నారు. ఉన్నట్టుండి చినుకులు మొదలయ్యాయి. చినుకు తగిలితే మన్ను కరిగిపోతుంది. నేను కొంగు పట్టేలోపే తులసి మొహం మీది చున్నీ లాగేసి, మడతలు పెట్టి బొమ్మకు చుట్టేసింది.

అందరూ చూశారు. తులసికి అది తెలిసింది.

బస్సు వచ్చింది. సుహాసిని చేతులు చాపింది.

"నానే పట్టుకెల్తాను," అని తులసి చున్నీ చుట్టిన బొమ్మను గుండెకు హత్తుకుని బస్సెక్కింది. కిటికీ పక్కన కూర్చుని మొహం బయటికి పెట్టి చూస్తుంటే, చినుకులు ఆ మొహం మీద పడుతున్నాయి.