పిల్లితల్లి పుస్తకం

బేబి కూతురి తలకు కొబ్బరినూనె పెడుతోంది. పోసింది మాడున ఇంకకముందే అరచేతిలో మళ్ళీ పోసుకుంటోంది. ఐదేళ్ళ దుర్గ ఆమె మోకాళ్ళ మధ్య ఇరుక్కుని కూర్చుంది.

"అది తలా, వంకాయ కూరా?" అంది వంటింట్లోంచి తల్లి సూరమ్మ.

బేబి నవ్వలేదు. మధ్యాహ్నం విమానాశ్రయానికి తీసుకెళ్ళే బంగారరాజు కారు వస్తుంది. రెండు నెలల సెలవు అయిపోయింది. మళ్ళీ కువైట్, మళ్ళీ రెండేళ్ళు. భర్త పోయాక పాపను తల్లి దగ్గర వదిలి వెళ్ళడం ఇది రెండోసారి. దుర్గకు ఇంకా చెప్పలేదు. ఈ పేటలో ఎవరూ చెప్పరు. పిల్లలు నిద్రపోయాక గడప దాటుతారు.

చెప్పలేక, పొద్దున్నే సూట్‌కేసు అడుగునుంచి ఒక బొమ్మల పుస్తకం తీసి ఇచ్చింది. కువైట్లో తను పనిచేసే ఇంటి పిల్లలు పెద్దవాళ్ళై పారేసినది. వాళ్ళమ్మ అది చదివి పిల్లల్ని నిద్రపుచ్చుతుంటే బేబి బట్టలు మడతపెడుతూ వినేది. అరబ్బీ అక్షరాలు రాకపోయినా బొమ్మలు తెలుసు. గుమ్మంలో ఒంటరిగా పిల్లికూన. దూరంగా చుక్కంత తల్లి. పేజీ పేజీకీ తల్లి దగ్గరవుతుంది. చివర రెండూ ముద్దలా ముడుచుకుని నిద్రపోతాయి. ఆ చివరి బొమ్మ కోసమే తెచ్చింది.

దుర్గ పుస్తకాన్ని బళ్ళో తెరిచినట్టే తెరిచింది.

"ఇదిగో, అమ్మ దగ్గర పడుకుంది. ఇక్కడ లేచింది. ఇక్కడ గుమ్మం దాటేసింది. ఇక్కడ చిన్నదైపోయింది."

నూనె చెయ్యి ఆగింది. "తర్వాత?"

"అయిపోయిందమ్మా."

"మరి పిల్ల?"

"ఏం చెయ్యదు. అమ్మమ్మ అన్నం పెడతాది."

బేబి నూనె చేత్తోనే పుస్తకం లాక్కుంది. "అలా కాదే, అరబ్బీ పుస్తకం మన ఆఖరి అట్ట వైపునుంచి తియ్యాలి. చూడు, అమ్మ వచ్చేత్తంది. వచ్చేసింది. పడుకున్నారు."

దుర్గ ఆ బొమ్మను శ్రద్ధగా చూసింది. తర్వాత పేజీలు వెనక్కి తిప్పడం మొదలుపెట్టింది.

"ఇప్పుడు మళ్ళీ వెళ్ళిపోద్ది," అంది మామూలుగా.

బేబి జడ అల్లింది. ఒకసారి విప్పి, మళ్ళీ అల్లింది.

అన్నం తిన్నాక దుర్గ నిద్రపోయింది. బేబి పుస్తకాన్ని అరబ్బీవాళ్ళు తెరిచే వైపు పైకి వచ్చేలా దిండు పక్కన పెట్టింది. చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుంది. కారు వంతెన దగ్గరే ఆగింది. హారన్ కొట్టొద్దని ముందే చెప్పింది.

దుప్పటి సర్దడానికి వంగిన సూరమ్మ, పుస్తకం బోర్లా ఉందనుకుని తిప్పి పెట్టింది. బేబి చూసింది. ఏదో అనబోయింది. పాప కదిలింది. నోరు మూసుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, గడప దాటింది.

దిండు పక్కన, ఇప్పుడు పైకొచ్చిన చివరి అట్ట మీద, రెండు పిల్లులూ ముడుచుకుని పడుకుని ఉన్నాయి. తల్లిపిల్లి చెవి మీద నూనె వేలిముద్ర ఇంకా ఆరలేదు.