ఆగిపోయిన నూట నలభై మూడు

ఆ పూట ఆమె గది తలుపు తట్టినవాళ్ళలో అతను ఏడోవాడు. కొలిమి మనిషి. మోచేతుల దాకా బూడిదరంగు దుమ్ము, బుగ్గల మీద మాస్కు ఒత్తుకున్న గీతలు. లోపలికి రాలేదు. తన దుమ్ము తలుపుకు అంటకుండా కాస్త ఎడంగా నిలబడి అడిగాడు.

"తపాలా అక్కా, నా రిపోర్టు వచ్చిందా?"

"ఇంకా రాలేదన్నా."

"రాలేదా? రానివ్వలేదా?"

ఆమె కీబోర్డు మీంచి చేతులు తీసేసింది. పొద్దుటినుంచి ఆరుగురు అడిగిందే అతనూ అడిగాడు గానీ, ఆ రెండో మాట మాత్రం ఎవరూ అనలేదు.

"అదేం మాటన్నా?"

"మావాడొకడు పొద్దున ల్యాబుకి ఫోన్ చేశాడు. తొమ్మిదో తారీఖునే అందరికీ మెయిల్ పెట్టేశామన్నారు. ఇవాళ పంతొమ్మిది. వాళ్ళు పంపారు, మాకు రాలేదు. మధ్యలో ఉన్నది నువ్వే కదా."

జవాబు కోసం ఆగకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

అది బ్యాటరీల ఫ్యాక్టరీ. కింద పెద్ద షెడ్డులో సీసం కరిగించి పలకలు పోస్తారు. ఆ పోత పనిలో నూట నలభై మూడుమంది. రోజుకు ఆరువందల నలభై కూలి, కొలిమి దగ్గర నిలబడినందుకు పైన ముప్ఫై. ఆరునెలలకోసారి వాళ్ళ రక్తం తీసి బయటి ల్యాబుకు పంపుతారు. ఒంట్లో సీసం ఎంత చేరిందో ఒక అంకె వేసి, ల్యాబువాళ్ళు ఎవరి రిపోర్టు వాళ్ళ కంపెనీ మెయిల్‌కు పంపుతారు.

ఆ మెయిళ్ళన్నీ ముందు చేరేది పై అంతస్తులో ఆమె కూర్చునే చల్లటి గదికి. అక్కడ బల్ల కింద గుయ్యిమంటూ ఉండే యంత్రానికి బొమ్మలూ బటన్లూ ఏమీ లేవు. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. ఏం కావాలన్నా టైపు చేసి అడగాలి. ఒక్క అక్షరం తప్పు కొట్టినా మొహం మీదే చెబుతుంది. ఆరువందల నలభైమందికి అందులో మెయిల్ పెట్టెలు తెరిచింది ఆమే. అందుకే తపాలా అక్క అయింది. పదకొండేళ్ళ కాంట్రాక్టు ఉద్యోగం. నెలకు ఇరవై రెండు వేలు, అందులో రెండు వేలు కాంట్రాక్టరు నొక్కేస్తాడు.

అందరి ఉత్తరాలూ ఆమె చదువుతుందని షెడ్డులో ఒక అనుమానం చాలాకాలంగా ఉంది. పోయినేడు ముగ్గురు కలిసి మాస్కులు నాసిరకంగా ఉన్నాయని బయటికి మెయిల్ రాస్తే, వారం తిరక్కుండా ముగ్గురినీ గోడౌనుకు మార్చేశారు. ఆమె ఆ మెయిల్ చూడనే లేదు. ఆ మాట ఎవరితో చెప్పుకుంటుంది? తాళంచెవి చేతిలో ఉన్నవాడు నేను తలుపు తియ్యలేదంటే నమ్మేదెవరు?

మధ్యాహ్నం అన్నాల వేళకి మరిది మెట్ల దగ్గరికి వచ్చాడు. అతనూ కింద కొలిమి దగ్గరే పనిచేస్తాడు. ముప్ఫై నాలుగేళ్ళవాడు, ఇంట్లో ఇప్పటికీ చిన్నోడే. భర్త లారీ మీద నెలలో ఇరవై రోజులు బయటే ఉంటాడు కాబట్టి ఆ ఇంట్లో రోజూ ఎదురెదురుగా కూర్చుని తినేది వీళ్ళిద్దరే. రెండు నెలలుగా చిన్నోడికి కడుపునొప్పి. ఈ మధ్య చొక్కా గుండీలు పెట్టుకోవడానికి పావుగంట పడుతోంది. ఆమె పెట్టబోతే కసురుకుంటాడు.

డబ్బా తెరిచాడు గానీ ముద్ద ఎత్తలేదు.

"వదినా, కింద ఏమనుకుంటున్నారో తెలుసా?"

"తెలుసు. పొద్దుటినుంచీ వచ్చి మొహం మీదే అడుగుతున్నారు."

"మీ వదిన నీ రిపోర్టు ఎప్పుడో చదివేసుంటుంది, నీకేం భయం అంటున్నారు."

"నువ్వేమన్నావు?"

చిన్నోడు డబ్బా మూత తిప్పుతూ కూర్చున్నాడు. "ఏమంటాను? నాకు మాత్రం ఏం తెలుసు?"

పరాయివాళ్ళు అన్నప్పుడు రాని కోపం ఆ మాటకు వచ్చింది. నా చేతి అన్నం తింటూ అంటావా అని నోటిదాకా వచ్చింది. అతని వేళ్ళు ఆ మూతను రెండోసారి జార్చేశాయి. ఆమె వంగి తీసిచ్చి లేచింది.

గదిలోకి వెళ్ళి లాగ్ తెరిచింది. యంత్రం తన దగ్గరికి వచ్చిన ప్రతి ఉత్తరం గురించీ అందులో ఒక పంక్తి రాసుకుంటుంది: ఎవరు పంపారు, ఎవరికి, ఎన్నింటికి, ఏమైంది. దాని అలవాటల్లా చూసింది చూసినట్టు రాయడమే, మొహమాటం తెలీదు. ఆమె ల్యాబు పేరు కొట్టి వెతికింది.

తెర నిండిపోయింది.

తొమ్మిదో తారీఖు ఉదయం పదకొండు గంటలా పన్నెండు నిమిషాలకి. ఒకదాని వెంట ఒకటి నూట నలభై మూడు. వచ్చాయి. ప్రతిదాని చివరా ఒకటే మాట: హోల్డ్. అంటే పోలేదు, తిరిగి వెళ్ళలేదు. పది రోజులుగా ఆమె కాళ్ళ దగ్గర గుయ్యిమంటున్న ఆ పెట్టెలోనే ఉన్నాయి. ఎవరో ఆపి ఉంచారు.

నియమాలు రాసే ఫైలు తెరిచింది. ల్యాబు నుంచి వచ్చే ఏ ఉత్తరాన్నయినా ఆపెయ్యమని ఒక పంక్తి. ఎనిమిదో తారీఖు మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవైకి రాశారు. రాసిన లాగిన్ ఎవరిదో చూసింది.

ఆమెదే.

ఎనిమిదిన ఆమె సెలవు. చిన్నోణ్ణి కడుపునొప్పికి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. వెళ్ళేముందు, ఎవరికైనా కొత్త పెట్టె తెరవాల్సి వస్తే తన లాగిన్‌తోనే అవుతుందని, పాస్‌వర్డు ఒకే ఒక్కరికి చెప్పింది. ఆ పంక్తికి పైనా కిందా ఒక్కో ఖాళీ పంక్తి వదిలి ఉంది. అలా రాసేది ఈ భవనంలో ఒక్కరే. "అక్షరాలకి ఊపిరాడాలి కదమ్మా" అంటూ పదకొండేళ్ళ క్రితం, పద్దులు టైపు చేసుకునే ఆమెకు ఈ నల్లతెర ముందు ఓనమాలు దిద్దించిన మనిషి.

గురువుగారు అదే గదిలో కిటికీ పక్క బల్ల దగ్గర కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. రోజూ పొద్దున్నే వరుసలో ఏమైనా ఆగిపోయాయేమో చూసే పని ఆయనది. ఈ పది రోజులూ "అంతా శుభ్రం" అంటూనే ఉన్నాడు. ఆయన అన్నాక ఆమె మళ్ళీ చూసేది కాదు.

"గురువుగారూ, ఎనిమిదో తారీఖు నేను సెలవులో ఉన్నాను కదా."

"నీ లాగిన్ నేను ముట్టుకోలేదమ్మా."

"లాగిన్ సంగతి నేనింకా అడగలేదు."

కళ్ళద్దాల మీద గుడ్డ ఆగిపోయింది. ఆమె వైపు చూడకుండానే చెప్పాడు.

"మేనేజరు చెప్పాడు. తనిఖీవాళ్ళు రేపొస్తున్నారు, వాళ్ళొచ్చి వెళ్ళేదాకా ఆపమన్నాడు. ఆరునెలల్లో నేను దిగిపోతాను. నా పింఛను కాగితాల మీద ఆయన సంతకం పడాలి."

"మీ పేరుతో ఆపొచ్చుగా?"

"నా పేరుతో ఆపితే నా మీదికొస్తుంది కదమ్మా."

ఆ మాటలో దాపరికం లేదు. కంచే చేను మేసిందని ఎవరైనా చెబితే వినడమే గానీ, ఆ కంచె ఇలా తల దించుకుని కూర్చుంటుందని ఆమెకు తెలీదు.

తన బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. ఆగిన ఉత్తరాల వరుసలో చిన్నోడి పేరు కనిపించింది. పక్కన ఒక నంబరు. ఆ నంబరు కొట్టి చూపించమంటే చాలు, రిపోర్టు మొత్తం తెర మీదికి వస్తుంది. సగం కొట్టింది. చదవడం లేదని పదకొండేళ్ళుగా మనసులో తనకు తానే సాక్ష్యం చెప్పుకుంటూ వచ్చింది. ఇవాళ చదివితే రేపు ఆ మాట ఎలా అంటుంది? కొట్టిన అంకెలు ఒక్కొక్కటే చెరిపేసింది.

అప్పుడే మేనేజరు వచ్చాడు. గురువుగారి ఫోను బల్ల మీద బోర్లా పెట్టి ఉంది. కబురు ఎవరు పంపారో అడగక్కర్లేదు. మేనేజరు కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు. పదకొండేళ్ళలో ఆయన ఈ గదిలో కూర్చోవడం అదే మొదలు.

"ఏమ్మా, ఏదో చిక్కొచ్చిందట?"

"చిక్కేం లేదు సార్. రిపోర్టులు ఆపేశారు."

"ఆపడం ఏమిటి, ఆగిపోయాయి. యంత్రం అన్నాక లోపాలు సహజం." జేబులోంచి ఒక కాగితం తీసి ముందు పెట్టాడు. సాంకేతిక లోపం వల్ల ల్యాబు ఉత్తరాలు పాడైపోయాయని, కింద ఆమె సంతకానికి చోటు. "వచ్చే నెల మళ్ళీ రక్తం తీయిద్దాం. ఆ పాతవి తీసిపారెయ్యి. ఇప్పుడే, నేనుండగానే."

"వాటిల్లో ఏముంది సార్?"

"నాకేం తెలుసు? నేను చదవలేదు."

"చదవకుండానే పారెయ్యమంటున్నారా?"

మేనేజరు నవ్వాడు. ఇంకో కాగితం తీశాడు. పర్మినెంటు చేస్తున్నట్టు ఉత్తర్వు. ఒకటో తారీఖు నుంచి ముప్ఫై ఎనిమిది వేలు. "కాంట్రాక్టరు బెడద కూడా ఉండదు. లేదంటావా, రేపు తనిఖీలో బయటపడే లాగిన్ ఎవరిదమ్మా? నాది కాదు. ఈ పెద్దాయనదీ కాదు."

ఆమె రెండు కాగితాలూ చూసింది. చిన్నోడి మందులు, ఇంటద్దె గుర్తొచ్చాయి. ముప్ఫై ఎనిమిది వేలంటే ఆ ఇంట్లో చాలా సంగతులు మారతాయి. పెన్ను వైపు చెయ్యి వెళ్ళబోయిన మాట నిజం. "నాకు మాత్రం ఏం తెలుసు" అన్నప్పటి మరిది గొంతు ఇంకా చెవిలోనే ఉంది. చెయ్యి కీబోర్డు మీదికి వెళ్ళింది.

ముందు ఆ నియమం పంక్తి తీసేసింది. తర్వాత ఇంకో కమాండు కొట్టింది. ఆపినవాటిని తీసిపారెయ్యడానికీ వదిలిపెట్టడానికీ ఒకే కమాండు, మధ్యలో ఒక్క అక్షరం తేడా. మేనేజరుకు ఆ తేడా తెలీదు. గది అవతల గురువుగారు లేచి నిలబడ్డాడు. ఆయనకు తెలుసు. అక్కణ్ణుంచి తెర స్పష్టంగా కనిపిస్తుంది. ఆమె తల తిప్పి చూసింది. ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టేశాడు.

ఆమె ఎంటర్ నొక్కింది.

తెల్లటి పంక్తులు జరజరా పైకి పాకాయి. వరుసలో మిగిలినవి: నూట నలభై మూడు. తొంభై. ముప్ఫై ఒకటి. ఆ తర్వాత ఏమీ లేదు.

"అయిందా?" అన్నాడు మేనేజరు.

"అయింది సార్."

"ఖాళీయేనా?"

"ఖాళీ."

"మంచిది. సంతకం పెట్టు."

"పెట్టను సార్."

"ఏం?"

"లోపం కాదు కాబట్టి. ఉత్తరాలు పాడవలేదు. ఎవరివి వాళ్ళకి చేరాయి."

మేనేజరు తెర వైపు చూశాడు, గురువుగారి వైపు చూశాడు. "నువ్వు చూస్తూ ఊరుకున్నావా?" అని అరిచాడు. గురువుగారు కళ్ళద్దాలు లేని మొహంతో గోడకేసి చూస్తూ నిలబడ్డాడు.

పది నిమిషాల్లో ఆమె లాగిన్ తీసేశారు. కాపలావాడు వచ్చి సంచీ సర్దుకోమన్నాడు. పాపం, అతనే సంచీ అందుకుని మెట్ల దాకా మోశాడు.

బయటి గేటుకు షెడ్డులోంచే దారి. కొలిములు మండుతూనే ఉన్నాయి, పోత మాత్రం నడవడం లేదు. మనుషులు ఎక్కడివాళ్ళక్కడ నిలబడి ఫోన్లలోకి చూస్తున్నారు. పొద్దుట వచ్చిన కొలిమి మనిషి ఆమెకు అడ్డంగా వచ్చాడు.

"ఇన్నాళ్ళూ ఎక్కడున్నాయక్కా ఇవి?"

"పైన యంత్రంలో. ఆపేశారు."

"ఎవరు?"

"నా పేరుతో ఆపారు. నేను కాదు. రేపు తనిఖీవాళ్ళొస్తారు. గేటు బయట ఉంటాను, పిలిస్తే వచ్చి ఎవరాపారో వాళ్ళ ముందే చెబుతాను."

"చెబుతావా?" అతను ఆమె మొహంలోకి తేరిపార చూశాడు. నమ్మినట్టూ లేదు, నమ్మనట్టూ లేదు. "చూద్దాం" అని పక్కకు తప్పుకున్నాడు.

చిన్నోడు మూడో కొలిమి దగ్గరున్నాడు. ఆమెను చూసి ఫోను చాపాడు.

"వదినా, ఈ అంకె ఎక్కువా, తక్కువా?"

ఆమె చూసింది. పక్కనే హద్దు ఎంతో ల్యాబువాళ్ళు అచ్చువేశారు.

"ఎక్కువే, చిన్నోడా. హద్దుకి రెట్టింపుంది."

"అందుకేనా చేతులు ఇట్లా?"

"అందుకే అయ్యుంటుంది. డాక్టరుకి చూపిద్దాం."

మేస్త్రీ ఆ చివరి నుంచి కేకేశాడు. "ఏయ్, మూడో కొలిమి! సీసం గడ్డకడుతోంది, ఎవడి కోసం చూస్తున్నావ్?"

చిన్నోడు కొలిమి వైపు చూశాడు. ఫోను జేబులో పెట్టుకుని కుడిచేతి తొడుగు తీశాడు. ఎడమచేతిది రాలేదు. వేళ్ళు పట్టు దొరక్క జారిపోతున్నాయి. ఆమె చెయ్యి చాపబోయింది.

"ఉండు వదినా. నేను తీసుకుంటా."

మేస్త్రీ మళ్ళీ అరిచాడు. చిన్నోడు తల ఎత్తలేదు. తొడుగు అంచు పళ్ళతో పట్టి లాగబోయి, దాని మీది దుమ్ము గుర్తొచ్చి ఆగాడు. మళ్ళీ వేళ్ళతోనే మొదలుపెట్టాడు. పక్క కొలిమివాళ్ళు ఫోన్లు దించి అతని చేతుల వైపే చూస్తున్నారు. తొడుగు ఊడొచ్చాక దాన్ని రెండోదాని పక్కన బల్ల మీద పెట్టాడు.

"పనిలోకి రాను" అన్నాడు, మేస్త్రీకి వినబడేంత గట్టిగా.